వెల్లకిల ఈత: ఒక విజేత చరిత్ర

తెలుగునాట పల్లెలలో పూర్వము ఈత నేర్పుటకు వేరే పాఠశాలలు లేవు. దిగుడుబావియే పాఠశాల, మేనమామయో, పెద్దన్నయో గురువు. ఎండిన సొరకాయ బుర్రనో, బెండుకట్టనో నడుమునకు కట్టి పిల్లవానిని నీటిలోనికి దించెడివారు. నాలుగు దినములు నీరు మ్రింగిన పిదప వాడు తనంతట తాను తేలెడివాడు. అట్లు నేర్చినవారు అలసినప్పుడు చేయు పని యొకటి కలదు. వెల్లకిల తిరిగి, ముఖమును ఆకాశమునకు చూపి, కాళ్లను మెల్లగా ఆడించుచు ఊపిరి తీసికొందురు. ఈతగానికి విశ్రాంతి నిచ్చు ఈ భంగిమయే కాలక్రమమున అంతర్జాతీయ పందెముగా పరిణమించినది. దానిని క్రీడాలోకమున బ్యాక్‌స్ట్రోక్ అందురు. తెలుగున వెల్లకిల ఈత యనుట సహజము.

బిలాసపురమున నివసించు తెలుగు కుటుంబములకు నీటితోడి చెలిమి క్రొత్తది కాదు. పట్టణమున అర్పానది ప్రవహించుచున్నది. ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున, కలచురి రాజుల పూర్వ రాజధానియైన రతన్‌పురము చెరువులకు పేరుపొందినది. ఇక ఈ కుటుంబముల పూర్వులు విడిచివచ్చిన సీమయో, నాగావళీ వంశధారల సీమ. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు బిలాసపురము ముఖ్యమైన కూడలి. 1902లో ఈస్టుకోస్టు రైల్వే ఉత్తరభాగము ఆ కంపెనీలో కలియుటతో వాల్తేరును, బిలాసపురమును ఒకే యాజమాన్యము క్రిందికి వచ్చినవి. 1931లో రాయపూరు, విజయనగరముల నడుమ రైలుమార్గము పూర్తి కాగా రాకపోకలు మరింత సులభమైనవి. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వచ్చిన శ్రామికులు, గుమాస్తాలు, ఫైర్‌మన్‌లు, డ్రైవర్లు ఈ మార్గముల వెంట స్థిరపడిరి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్టణమే ప్రధాన కార్యాలయ స్థానమైనది.

కాని యొక మార్పు గమనింపదగినది. ఏటిలో ఈదుచు పెరిగిన తాతల మనుమలు రైల్వే క్వార్టర్లలో పెరిగిరి. కొళాయినీరు వచ్చినది, బావి దూరమైనది. తాతకు అప్రయత్నముగా అబ్బిన విద్య మనుమలలో అనేకులకు అబ్బలేదు. ఇట్టి సమయమున, వెల్లకిల ఈతలో ప్రపంచ విజేతయై, పిమ్మట ఆ విద్యను లక్షలాది జనులకు ప్రాణరక్షణ సాధనముగా మార్చిన అమెరికా దేశీయుడు అడాల్ఫ్ కీఫర్ చరిత్రను తెలిసికొనుట వినోదమునకు మాత్రమే కాదు, ప్రయోజనమునకును అగును.

ఆతని చరిత్రకు ముందు ఈ పందెము పుట్టుపూర్వోత్తరములను కొంత చెప్పవలెను. ఆధునిక ఒలింపిక్ క్రీడలలో వెల్లకిల ఈత మొట్టమొదట 1900 సంవత్సరమున పారిస్ నగరమున ప్రవేశపెట్టబడినది. అప్పటికి ప్రత్యేకముగా కట్టిన కొలను లేదు. సీన్ నదిలోనే పందెములు జరిగినవి. రెండువందల మీటర్ల ఆ పందెమున జర్మనీ దేశపు ఎర్నెస్ట్ హోపెన్‌బర్గ్ గెలిచెను. ఆ దినములలో ఈతగాండ్రు రెండు చేతులను ఒక్కసారిగా వెనుకకు త్రిప్పి నీటిని త్రోసెడివారు. 1912లో స్టాక్‌హోమ్ నగరమున అమెరికాకు చెందిన హ్యారీ హెబ్నర్ ఒక చేతి తరువాత నొక చేతిని తెడ్డువలె వేయుచు నూరు మీటర్ల పందెమును గెలిచెను. నాటినుండి ఆ పద్ధతియే స్థిరపడెను. హవాయి ద్వీపములనుండి వచ్చిన వారెన్ కెయలోహా 1920, 1924 సంవత్సరములలో వరుసగా రెండు పర్యాయములు విజేత యయ్యెను. 1932లో లాస్ ఏంజలిస్ క్రీడలలో జపాను యువకులు మువ్వురు మొదటి మూడు స్థానములను తామే గైకొని లోకమును ఆశ్చర్యపరచిరి. వారిలో ప్రథముడు మసాజీ కియొకావా.

ఈ పందెమునకు కొన్ని విశేషములు కలవు. తక్కిన ఈతలలో పోటీదారులు గట్టు మీదనుండి నీటిలోనికి దుముకుదురు. ఇందు మాత్రము నీటిలోనే యుండి, పట్టుకమ్మిని పట్టుకొని, గోడను కాళ్లతో తన్ని బయలుదేరుదురు. తక్కినవారికి చేరవలసిన గమ్యము కన్నులయెదుట నుండును. వెల్లకిల ఈదువానికి విడిచివచ్చిన దారియే కనబడును. రైలుబండి చివరి పెట్టెలోని గార్డు వెనుకకు సాగిపోవు పట్టాలను చూచుచు ప్రయాణించునట్లే యిదియును. అందుచేత గోడకు ఐదు మీటర్ల యీవల, కొలనుకు అడ్డముగా జెండాల తోరణము కట్టుదురు. అది కనబడినంతనే ఇన్ని చేతివ్రేటులకు గోడ వచ్చునని లెక్కించుకొని మరలవలెను. లెక్క తప్పినచో తల గోడకు తగులును. బలముతోపాటు లెక్కయు, నమ్మకమును కావలసిన విద్య యిది.

అడాల్ఫ్ కీఫర్ 1918 జూన్ 27వ తేదీన చికాగో నగరమున జన్మించెను. తల్లిదండ్రులు జర్మనీనుండి వలస వచ్చినవారు. ఆతడు ఈతలోనికి వచ్చిన విధము విచిత్రమైనది. బాల్యమున ఒకనాడు చికాగోలోని మురుగుకాలువలో పడిపోయి, ముక్కులోనికి నీరు పోవుటను సహింపలేక వెల్లకిల తిరిగి, కాళ్లు కొట్టుకొనుచు గట్టు చేరితినని ఆయన పెద్దతనమున చెప్పుచుండెడివాడు. అనగా ఆతని తొలి వెల్లకిల ఈత పతకము కొరకు కాదు, ప్రాణము కొరకు. నీవు ప్రపంచమున కెల్ల మేటి ఈతగాడవు కాగలవని కుమారుని ప్రోత్సహించిన తండ్రి, ఆ మాట నిజమగుటను చూడకయే, కుమారుని చిన్నతనముననే మరణించెను.

1935లో, ఇంకను ఉన్నత పాఠశాల విద్యార్థిగా నుండగనే, ఇల్లినాయ్ రాష్ట్రపు పోటీలలో నూరు గజముల వెల్లకిల ఈతను కీఫర్ 59.8 సెకండ్లలో ముగించెను. ఆ దూరమును ఒక నిమిషములోపల ఈదినవాడు అంతకుముందు ఎవడును లేడు. అప్పటికి ఆతని వయస్సు పదునారేండ్లు. ఆ నిమిషపు హద్దు నాటి ఈతగాండ్ర మనస్సులలో దాటరాని గోడవలె నుండెడిది; ఒక పాఠశాల బాలుడు దానిని దాటుటతో అది గోడ కాదనియు, గీత మాత్రమేననియు తేలిపోయెను.

మరుసటి సంవత్సరము బెర్లిన్ ఒలింపిక్ క్రీడలు జరిగినవి. కీఫర్‌కు అప్పటికి పదునెనిమిదేండ్లు. నూరు మీటర్ల పందెమున ఆతడు 1 నిమిషము 5.9 సెకండ్ల కాలములో గమ్యము చేరి, క్రొత్త ఒలింపిక్ రికార్డుతో స్వర్ణపతకమును గెలిచెను. ఆతని దేశీయుడే యగు ఆల్బర్ట్ వాన్‌డెవే ద్వితీయుడు. నాలుగేండ్ల క్రిందటి విజేత కియొకావా తృతీయుడు. ప్రథమ ద్వితీయుల నడుమ వ్యత్యాసము దాదాపు రెండు సెకండ్లు. ఇట్టి పందెములలో సెకండులో పదవ వంతులే జయాపజయములను నిర్ణయించుచుండగా, అది మిక్కిలి పెద్ద అంతరము. ఆ రికార్డు 1952లో హెల్సింకీ నగరమున యోషీ ఒయకావా 1 నిమిషము 5.4 సెకండ్లలో ఈదు వరకును, పదునారు సంవత్సరములు నిలిచెను.

బెర్లిన్ క్రీడలు జర్మను నియంత ప్రచారమునకు వేదికగా నుండెనని లోకమెరిగినదే. ఆ దినములలో హిట్లర్ ఈతకొలనునకు వచ్చి యువకుడైన కీఫర్‌తో కరచాలనము చేసెను. ఆ మనుష్యుడు మీదట చేయబోవు ఘోరములు అప్పుడు తెలిసియున్నచో ఆతనిని కొలనులోనికి త్రోసియుండెడివాడనని కీఫర్ వృద్ధాప్యమున పలుమారులు చెప్పెను. పదునెనిమిదేండ్ల బాలుని విజయమును రాజ్యములు తమ ఆడంబరమునకు వాడుకొను విధమునకు ఇది యొక నిదర్శనము.

తరువాతి యేండ్లలో కీఫర్ ఐరోపాలోను, అమెరికాలోను విస్తారముగా పోటీపడెను. రెండువేలకు పైగా పందెములలో ఆతడు ఓడినవి రెండేనని ఆతని జీవితకథలలో చెప్పబడును. కాని ఆతని చేతిబలము పరాకాష్ఠ నందిన కాలమున ఒలింపిక్ క్రీడలే లేకపోయినవి. 1940 క్రీడలు మొదట టోక్యోకును, పిదప హెల్సింకీకిని నిర్ణయింపబడి, యుద్ధము వలన రద్దైనవి. 1944లో లండను నగరమున జరుగవలసినవియు జరుగలేదు. బెర్లిన్ నాటికి పదునెనిమిదేండ్లవాడు, తిరిగి ఒలింపిక్ క్రీడలు జరిగిన 1948 నాటికి ముప్పదియేండ్లవాడయ్యెను. క్రీడాకారుని యౌవనము కొద్దిపాటి కాలము. దానిని యుద్ధము మ్రింగివేసెను. అట్టి నష్టమునకు వగచుచు జీవితము గడపినవారు పెక్కురు కలరు. కీఫర్ చరిత్ర అంతటితో ముగియకపోవుటయే ఆతని ఘనత.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. కీఫర్ నౌకాదళమున చేరి, శరీర వ్యాయామము, ఈత నేర్పు విభాగమున నియమింపబడెను. అచ్చట ఆతడు చూచినది ఆశ్చర్యకరముగా నుండెను. సముద్రముపై పోరాడబోవు వేలాది యువకులకు ఈత రాదు. నేర్పువారిలోనే అనేకులకు సరియైన శిక్షణ లేదు. శత్రువుల గుండ్లకు చచ్చువారికంటె నీట మునిగి చచ్చువారే అధికులని ఆతడు గ్రహించెను. ఓడ మునిగిన పిదప ప్రాణములతో నీటిలో పడినవాడు కూడ, సహాయము వచ్చువరకు తేలలేక మరణించుచుండెను.

ఉద్యోగధర్మము నెరిగిన పాఠకులు ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలెను. పెద్ద సంస్థలలో లోపము నందరును చూతురు. కాని అది తన విభాగపు పని కాదని ఊరకుందురు. కీఫర్ హోదాలో పెద్ద అధికారి కాడు. అయినను తాను చూచిన లోపమును, దానికి తగిన నివారణోపాయమును పై అధికారుల దృష్టికి తెచ్చెను. దానికి ఫలముగా ఈతశిక్షణను సంస్కరించు భారము ఆతనికే అప్పగింపబడెను. తప్పును చూపినవానికే దానిని దిద్దు పని తగులుట ఏ కార్యాలయమునకైనను క్రొత్త కాదు. ఆతడు ఆ భారమును సంతోషముతో వహించెను. పదుమూడు వేలమందికి పైగా శిక్షకులను తయారుచేసెననియు, వారిద్వారా లక్షలాది నావికులు ఈత నేర్చిరనియు లెక్క.

ఆతడు వారికి నేర్పినదేమి? పందెములలో తనకు పతకము తెచ్చిన ఈత కాదు. దానిని ఈత రానివారికి అనువుగా, శ్రమ తక్కువగునట్లు మార్చి నేర్పెను. దానికి విజయపు వెల్లకిల ఈత యని పేరు వచ్చెను. నావికుడు వెల్లకిల పరుండి, రెండు చేతులను తలకు ఇరువైపుల ఆంగ్లమున ‘వీ’ అక్షరమువలె చాచి, వానిని ఒక్కమారుగా ప్రక్కలకు లాగికొనును. పిదప కొంతసేపు అట్లే జారిపోవును. వేగము లేదు, అలసట లేదు. సూక్ష్మముగా చూచినచో ఇది 1900 నాటి పాత పద్ధతికి, పల్లెటూరి బావిలో అలసిన పిల్లవాని విశ్రాంతి భంగిమకు దగ్గర. పోటీలు పనికిరాదని విడిచిపెట్టినదానినే ఆపద తిరిగి పిలిచి తెచ్చుకొనెను.

ఈ పద్ధతిలోని రహస్యము సులభమైనది. మానవ శరీరము బరువు ఇంచుమించు నీటిబరువుతో సమానము. ఊపిరితిత్తుల నిండ గాలి యున్నచో దేహము తేలును. మునుగువానికి శత్రువు నీరు కంటె భయము. భయముతో వాడు చేతులు పైకెత్తును, తల నిక్కించును; పైకెత్తిన ప్రతి యవయవము తక్కిన దేహమును క్రిందికి నొక్కును. వెల్లకిల తిరిగి, చెవులు నీటిలో మునుగునట్లు తలను వెనుకకు వాల్చి, రొమ్మును పైకి పెట్టినచో నోరును, ముక్కును నీటిపైన నుండును. ఊపిరి ఆడుచున్నంతవరకు మనస్సు పనిచేయును. మనస్సు పనిచేసినచో రక్షణోపాయము తోచును.

యుద్ధానంతరము 1947లో కీఫర్ చికాగోలో ఈత సామగ్రి తయారుచేయు సంస్థను స్థాపించెను. అంతకుముందు ఈతదుస్తులు పట్టుతోను, ఉన్నితోను, నూలుతోను తయారగుచుండెడివి. నైలాను వస్త్రముతో వానిని తయారుచేసిన మొదటివారిలో ఆతడొకడు. కొలనులో పోటీదారుల దారులను వేరుచేయు త్రాళ్లకు అలలను అణచు చక్రములను అమర్చు ఏర్పాటును కూడ ఆతడు అభివృద్ధి చేసెను. ప్రక్కవాని అల తనపై పడకుండ ఈదగల్గుటకు నేటి క్రీడాకారులు ఆతనికి కొంత ఋణపడియున్నారు. చికాగో నగరమున పేదలు నివసించు పేటలలో ఈతకొలనులు నిర్మించు ప్రయత్నమునకును ఆతడు తోడ్పడెను. 1965లో అంతర్జాతీయ ఈత కీర్తిమందిరము తొలిసారి ఎన్నుకొన్నవారిలో ఆతని పేరు చేరెను.

వార్ధక్యమున నరముల వ్యాధి వలన ఆయనకు నిలబడుటయే కష్టమయ్యెను. అయినను తొంబదియేండ్లు దాటిన పిదపకూడ ప్రతిదినము నీటిలోనికి దిగి ఈదుచుండెను. నేలమీద నడువలేని ముదుసలిని నీరు మోసెను. 2017 మే 5వ తేదీన, తొంబదియెనిమిదవ యేట, ఇల్లినాయ్ రాష్ట్రమున ఆయన కన్నుమూసెను.

మన దేశపు ఈత చరిత్ర కూడ అభిమానము గొలుపునదే. రైల్వే కుటుంబములకు ఆత్మీయురాలగు ఆరతీ సాహా వెల్లకిల ఈత పోటీదారు కాకున్నను, ఇచ్చట స్మరింపదగినది. 1952 హెల్సింకీ క్రీడలలో పండ్రెండేండ్లు నిండక మునుపే బ్రెస్ట్‌స్ట్రోక్ పందెమున పాల్గొనిన ఈ వంగబాల, 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానలును దాట యత్నించి విఫలురాలయ్యెను. నెల దినములు కాగానే, సెప్టెంబరు 29వ తేదీన మరల ప్రయత్నించి, 16 గంటల 20 నిమిషములు ఈది ఆ కార్యమును సాధించెను. ఆసియా మహిళలలో ఆ ఘనత ఆమెకే ప్రథమముగా దక్కెను. 1960లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఆమె రైల్వే ఉద్యోగినియగుట ఈ మార్గముపై పనిచేయు వారందరికి గర్వకారణము.

వెల్లకిల ఈతలో ఇటీవలి మేటి బెంగుళూరు నగరవాసి శ్రీహరి నటరాజ్. 2001లో జన్మించిన ఈ యువకుని కథలో సెకండులో నూరవ వంతులు ఎంతటివో తెలియును. టోక్యో ఒలింపిక్ క్రీడలకు నేరుగా అర్హత పొందవలెనన్న నూరు మీటర్లను 53.85 సెకండ్లలో ఈదవలెను. 2021 జూన్ నెలలో రోము నగరమున ఆతడు 53.90 సెకండ్లలో ఈదెను. తప్పినది సెకండులో నూటికి ఐదు వంతులు! రెండు దినములలో మరియొకసారి, కాలపరీక్ష కొరకై ఈది, 53.77 సెకండ్లలో ముగించి అర్హత సంపాదించెను. టోక్యోలో ఆతనికి ఇరువదియేడవ స్థానము లభించెను. 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో ఏబది మీటర్ల తుదిపందెమున ఐదవవాడుగను, నూరు మీటర్లలో ఏడవవాడుగను నిలిచెను. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలోను పాల్గొనెను. కీఫర్ బెర్లిన్‌లో చూపిన వేగముకంటె ఇది పండ్రెండు సెకండ్లు అధికము. ఎనుబదియైదేండ్లలో మానవుడు ఎంత ముందునకు సాగెనో దీనివలన తెలియుచున్నది. నాటి స్వర్ణపతకపు కాలము నేడు తొలి వడపోతకు కూడ చాలదు.

రికార్డులన్నియు ఇట్లే కరగిపోవును. 5.9 సెకండ్ల అంకెను ఒయకావా తుడిచెను. ఒయకావా అంకెను తరువాతివారు తుడిచిరి. కాని కీఫర్ తీర్చిదిద్దిన శిక్షకుల వలన నీటినుండి బయటపడినవారి ప్రాణములను ఏ రికార్డును తుడువజాలదు. ఆతని జీవితమున మొదటి భాగము ఆతనిని ప్రసిద్ధుని జేసెను. రెండవ భాగము ఆతనిని పూజ్యుని జేసెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమున సుమారు మూడు లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో నలుగురికొకరు ఐదేండ్లు నిండని పసివారు. మన దేశముననే ఏటేట ముప్పదివేలకు పైగా జనులు ఈ విధముగా అసువులు బాయుచున్నారు. ఐక్యరాజ్యసమితి 2021 నుండి జూలై 25వ తేదీని నీటమునుగుటను నివారించు దినముగా పాటించుచున్నది. వానకాలమున అర్పానది పొంగుటయు, కార్తికమాసమున తెలుగు కుటుంబములు నదీస్నానములకు, వనభోజనములకు చెరువుగట్లకు పోవుటయు ఏటేట జరుగునవే. ఆ గట్టుమీద ఆడుకొను పిల్లలలో ఎందరికి తేలుట వచ్చునో పెద్దలు లెక్కించుకొనుట మంచిది.

ప్రతి బాలుడును కీఫర్ కానక్కరలేదు. ప్రతి బాలికయు ఆరతీ సాహా కానక్కరలేదు. నీటిలో పడినప్పుడు బెదరక వెల్లకిల తిరిగి, ఆకాశమును చూచుచు, పిలుపునకు బదులు వచ్చువరకు ఊపిరి నిలుపుకొనగలిగిన చాలును. దానికి పతకము లేదు, పత్రికలలో పేరు రాదు. తాతలు దిగుడుబావిలో ఉచితముగా నేర్చిన ఆ విద్యను, తండ్రులు ఆడపిల్లలకును మగపిల్లలకును భేదము లేక, తెలిసినవారి పర్యవేక్షణమున తిరిగి నేర్పింపవలెను. పుట్టినగడ్డనుండి తెచ్చుకొన్న భాషను, పండుగలను, వంటకములను ఇన్ని తరములు కాపాడుకొన్నవారికి ఈ యొక్క విద్యను కాపాడుకొనుట కష్టము కానేరదు.